ఠాణా గడప, ప్రతినిధి గడప

(పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ పఠనమందిరమున మాటలాడుట మాకు క్రొత్త గాదు. కౌలు చట్టములను గుఱించియు, అప్పు పత్రముల మోసములను గుఱించియు ఇదివఱకే ఇచ్చట ముచ్చటించియున్నాము. ఈ మాఱు కార్యదర్శిగారు మాకొసంగిన విషయము “ప్రజాప్రతినిధి – పౌరుడు.” విషయము పెద్దది. పెద్ద విషయముతో నొక సౌకర్యము గలదు. గంటసేపు మాటలాడియు ఏమియు చెప్పకుండ వేదిక దిగిపోవచ్చును. మాకట్టి యుద్దేశము లేదు గనుక, గడచిన వేసవిలో మా కచేరీకి వచ్చిన యొక తల్లి సంగతితో నారంభింతుము. ఆమె పేరు చెప్పము. ఆ ఠాణా పేరును, ఆ శాసనసభ్యుని పేరును చెప్పము. మీలో కొందఱకు తెలిసియే యుండును. తెలియనివారికి తమ యూరి ఠాణాయే మనసునకు వచ్చును. అదియు మంచిదే.

ఆమె పువ్వులమ్ముకొని బ్రతుకును. కుమారుడు ఇరువదియేండ్లవాడు, బస్సుస్టాండు ఎదుటి టీ అంగడిలో పనిచేయును. ఒకనాడచ్చట నొక ప్రయాణికుని సెల్‌ఫోను కనబడకపోయెను. సాయంకాలము ఇద్దఱు కానిస్టేబుళ్ళు వచ్చి, ఎస్సైగారు రెండు మాటలడిగి పంపివేయుదురని చెప్పి పిల్లవానిని వెంట తీసికొనిపోయిరి. ఆ రెండు మాటలకు రెండు రాత్రులు పట్టెను. మూడవనాటి మధ్యాహ్నము విడిచిపెట్టిరి. అరికాళ్ళు వాచి నేల మోపలేక, తోటి పనివాని భుజముమీద చేయి వేసికొని వాడిల్లు చేరెను. ఫోను ఆ ప్రయాణికుని బంధువు సంచిలోనే దొరకినదట! ఠాణా పుస్తకములలో మాత్రము ఆ పిల్లవాని పేరెచ్చటను లేదు. పట్టినట్లు వ్రాత లేదు, విడిచినట్లు వ్రాత లేదు. ప్రభుత్వపు లెక్క ప్రకారము ఆ రెండు రాత్రులు వాడీ భూమిమీదనే లేడు.

తల్లి ఎన్నడును ఓటు మానినది కాదు. ఎన్నికలనాడు వ్రేలిమీద సిరా చుక్క పెట్టించుకొని, ఆ చుక్క చెరిగిపోవువఱకు నలుగురికిని చూపుకొను మనిషి. కొడుకును కొనిపోయిన మఱునాటి యుదయముననే శాసనసభ్యుని క్యాంపు కార్యాలయమునకు పోయెను. సారు రాజధానికి వెళ్ళినారనిరి. ఆ సాయంకాలమే మరల పోగా, పి.ఎ.గారు ఒక పుస్తకమున పేరు వ్రాసికొనిరి. పిల్లవాడిల్లు చేరిన పిదప మూడవమాఱు పోయి, వాని కాళ్ళు చూపు ఫోటోను చేతబెట్టి యేడ్చెను. అప్పుడా పి.ఎ.గారు దయతలచి, ఆమె యెదుటనే ఆ ఎస్సైకే ఫోను చేసి, “ఎస్సైగారూ, ఇక్కడ ఒక పెద్దమ్మ వచ్చిందండీ, మన వాళ్ళే, కాస్త చూడండి” అనెను. చూచినారు. ఆ రాత్రి యొక కానిస్టేబులు ఆమె యింటిముందు మోటారు సైకిలాపి, “ఏమ్మా, మా మీదనే కంప్లైంటిచ్చావంట?” అని యడిగి పోయెను.

ఆ మఱునాడు ఆమె మాయొద్దకు వచ్చెను. ఇచ్చట మా తప్పును గూడ చెప్పవలసియున్నది. ఇరువదియేండ్లుగా న్యాయవాద వృత్తిలో నున్నవారము, పౌరహక్కుల సేవకులమని చెప్పుకొనువారము. మా నోట వచ్చిన మొదటిమాట, “అమ్మా, కుఱ్ఱవాడు ప్రాణాలతో ఇంటికి వచ్చాడు గదా” అని. ఆమె మావైపు చూచి, “అందుకే వచ్చాను బాబూ. ప్రాణం పోయుంటే నాకు అడగడానికి నోరుండేది కాదు” అనెను. ఆ తఱువాత మేమామెకు సలహా చెప్పు పని మాని, కాగితము తీసితిమి.

మహాశయులారా! చట్టములు కొఱవడి ఇట్లు జరుగుచున్నదని యెవరైన ననుకొందురేమో. పట్టుకొనినవానిని ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని రాజ్యాంగపు 22వ అధికరణమే చెప్పుచున్నది. 1996లో డి. కె. బసు వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు, పట్టుకొనునపుడు సాక్షి సంతకముతో కాగితము వ్రాయవలెననియు, బంధువునకు తెలుపవలెననియు, వైద్యపరీక్ష చేయింపవలెననియు శాసించిరి. 2020 డిసెంబరులో ప్రతి ఠాణాయందును సి.సి. కెమెరాలు పెట్టవలెననియు, చిత్రములను పదునెనిమిది మాసములు, అట్టి సౌకర్యము లేనిచోట నేడాదియైనను, భద్రపఱుపవలెననియు నుత్తరువిచ్చిరి. నేరము నొప్పించుటకై కొట్టుట నేరమని 1860 నాటి శిక్షాస్మృతియే 330వ సెక్షనున చెప్పెను. ఆ సెక్షను క్రింద నుదాహరణముగ చూపినవాడు సాక్షాత్తు పోలీసు ఉద్యోగియే. 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో నదియే 120వ సెక్షను. ఏడేండ్ల శిక్ష. ఇంతకన్న స్పష్టముగ వ్రాయుట ఎవరికిని సాధ్యము గాదు.

వ్రాత సంగతి యట్లుండగా, జరిగినదేమి? సర్కారు ఆసుపత్రికి పిల్లవానిని కొనిపోతిమి. గాయముల పత్రము కావలెనన్న ఠాణానుండి చీటి తెండనిరి! ఏ ఠాణా? కొట్టిన ఠాణాయే. డాక్టరుగారితో వాదించి పత్రము వ్రాయించుకొనుటకు ఒక పూట పట్టెను. కెమెరా చిత్రములకు దరఖాస్తు పెట్టగా, ఆ దినములలో యంత్రము చెడియుండెనని జవాబు. ఎస్పీగారికి వ్రాతమూలముగ ఫిర్యాదు పంపితిమి. అది విచారణ నిమిత్తము తిరిగితిరిగి ఆ సర్కిలునకే వచ్చెను. పిమ్మట మేజిస్ట్రేటు కోర్టులో వేసితిమి, వాయిదాలు నడచుచున్నవి.

ప్రతి ద్వారమునను ఒకటే తంతు. ఎవరిమీద ఫిర్యాదో వారి చేతికే ఫిర్యాదు చేరుచున్నది. న్యాయస్థానము నడక నెమ్మదియని యందఱెఱుగుదురు; ఉద్యోగులు ఒకరినొకరు కాపాడుకొందురనుటయు వింత గాదు. వీరందఱికిని వెలుపల, వీరినందఱను ప్రశ్నింపగల స్థానమున, మనచే నిలుపబడినవాడొకడు గలడు. ఆతని గడపలోనుండి గూడ ఆ ఫిర్యాదు ఠాణాకే ఏల తిరిగిపోయెను? నేడు మేమడుగదలచిన ప్రశ్న ఇదియొక్కటే.

శాసనసభ్యునికి హృదయము లేదనువారు గలరు. మేమట్లనుకొనము. ఆయన పెండ్లిండ్లకు వచ్చును, చావులకు వచ్చును. ఆసుపత్రి ఖర్చులకు ముఖ్యమంత్రి సహాయనిధినుండి చెక్కు తెప్పించి స్వయముగ నిచ్చును. ఇట్టివాడు అరికాళ్ళు వాచిన పిల్లవాని విషయముననే మౌనము వహించుటకు కారణము దయ లేకపోవుట గాదు. ఆ ఎస్సై ఆ ఠాణాకు వచ్చినది శాసనసభ్యుని యుత్తరముతో. తెలుగు రాష్ట్రములు రెండింటను ఇది రహస్యము గాదు. పార్టీలు మాఱినను పద్ధతి మాఱలేదు. ఎస్సై కావలెనన్నను, సర్కిలు కావలెనన్నను స్థానిక శాసనసభ్యుని సిఫారసు లేఖ ముందు నడువవలెను. చట్టమున నెచ్చటను ఆ లేఖ ప్రసక్తి లేదు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు, క్రింది ఉద్యోగుల బదిలీలు పోలీసు అధికారుల మండలియే నిర్ణయింపవలెననియు, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రమునను జిల్లాలలోను ప్రత్యేక ప్రాధికార సంస్థలుండవలెననియు ఆదేశించిరి. ఇరువదియేండ్లు కావచ్చుచున్నను దేశమున పలుచోట్ల ఆ యాదేశములు సంపూర్ణముగ నమలు కాలేదు. ఎట్లగును? అమలు చేయవలసినవారి చేతినుండియే గదా ఆ లేఖ జాఱిపోవలసినది!

కావున, పువ్వులమ్ము తల్లి ఆ గడపకు కొనిపోయినది ఎస్సైమీది ఫిర్యాదనుకొనెను. కార్యాలయమువారికది తాము నాటిన మొక్కమీది ఫిర్యాదుగ కనబడెను.

ఇట్టి చిక్కు మన దేశమునకు క్రొత్త గాదు. దీనిని నూటడెబ్బదియేండ్ల క్రిందట మనవాడొకడు విప్పజూచిన తీరు వినదగినది. కుంపిణీ ప్రభుత్వకాలమున మద్రాసు రాజధానిలో శిస్తు వసూలుచేయు తాసీల్దారే పోలీసు పెద్దయు నైయుండెను. బకాయిపడ్డ రైతును ఎండలో నిలబెట్టుట, వంగదీసి కట్టివేయుట, కిట్టి పెట్టి వ్రేళ్ళు నలుపుట మామూలు. బాధపడ్డవాడు మొఱపెట్టుకొనవలసినది ఎవరితో? బాధపెట్టిన కచేరీతోనే. మద్రాసున గాజుల లక్ష్మీనరసుసెట్టి యను తెలుగు వర్తకుడుండెను. 1844లో ‘క్రెసెంటు’ పత్రికను నడిపి, 1852లో మద్రాసు స్వదేశీయుల సంఘమును స్థాపించినవాడు. 1853లో డాన్‌బీ సేమూరు అను ఇంగ్లండు పార్లమెంటు సభ్యుడు దేశము చూడవచ్చినపుడు, సెట్టిగారాతనికి తోడై జిల్లాలు త్రిప్పి, రైతుల గోడు స్వయముగ కన్నులజూడజేసెను. 1854 జూలైలో ఆ మాట పార్లమెంటులో పలికెను. కుంపిణీ పక్షమువారిలో కొందఱు నమ్మలేదు; అట్టిదేమియు లేదనిరి. తుదకు మద్రాసున ముగ్గురు సభ్యుల విచారణసంఘమును వేయక తప్పలేదు. ఆ సంఘమునకు 1,959 ఫిర్యాదులు వచ్చెను. వానిలో 519 మంది స్వయముగ వచ్చి నిలిచినవారు. ఆనాటి దారులను తలచుకొనుడు. చేతికి కట్టుతో, పొలము విడిచి, మద్రాసుదాక వచ్చి దొరలయెదుట చెప్పుటకెంత గుండె కావలెను!

1855లో వెలువడిన ఆ నివేదిక హింస నిజమేయని యొప్పుకొనెను. శిస్తు అధికారమును పోలీసు అధికారమును నొక్కచేతనుండుట యెంత కీడో తెలిసివచ్చెను. 1859 చట్టముతో మద్రాసున పోలీసుశాఖ వేఱుపడెను. 1861లో పోలీసు చట్టము వచ్చెను. ఆ చట్టముతో క్రొత్త కష్టములును వచ్చెననుట వేఱు సంగతి. మేము చెప్పదలచినదిది: ఫిర్యాదు వినుచేయియు కొట్టుచేయియు నొక్కటి కారాదని ఆనాడే తెలిసికొని, రెండింటిని వేఱుచేసిరి. నేడొక సిఫారసు లేఖ ఆ రెండుచేతులను మరల కలిపినది. సేమూరునకు మన రైతులెవ్వరును ఓటు వేయలేదు. సెట్టిగారినెవరును ఎన్నుకొనలేదు. ఆయన తన ధనమును ప్రజాకార్యములకే వెచ్చించి 1868లో గతించెను.

ఓటు వచ్చినది. 1951–52 ఎన్నికలనుండి వయోజనులందఱకును వచ్చినది. పిమ్మట మన యనుభవమేమి? 1978 మార్చి నెలాఖరున హైదరాబాదు నల్లకుంట ఠాణాలో నొక స్త్రీకి మానభంగము జరిగెను. ఆమె భర్తయగు రిక్షాకార్మికుడు పోలీసు దెబ్బలకు చనిపోయెను. జనము శవముతో ఠాణాకు నడచెను, కాల్పులు జరిగెను. అంత గోల పుట్టిన పిదప వేసిన జస్టిస్ ముక్తదర్ సంఘము పోలీసులు దోషులని తేల్చెను. కేసు కర్ణాటకమునకు మార్పబడి, రాయచూరు కోర్టులో 1981న ముద్దాయిలు నిర్దోషులుగ విడుదలైరి. 2007 ఆగస్టులో విశాఖ మన్యపు వాకపల్లిలో పదునొకండుగురు గిరిజన స్త్రీలు తమపై గ్రేహౌండ్సు పోలీసులు అత్యాచారము చేసిరని మొఱపెట్టిరి. 2023 ఏప్రిలులో తీర్పు వచ్చెను: దర్యాప్తు సరిగ జరుగనందున ముద్దాయిలందఱు విడుదల, స్త్రీలకు పరిహారమీయవలెను. పదునాఱేండ్లు! ఆ నడుమ ఎన్ని శాసనసభలు కూడి చెదరెనో లెక్కపెట్టుకొనుడు.

మఱియొక రీతి దృష్టాంతమును గూడ చెప్పవలెను, న్యాయము గనుక. 2021 జూన్ 18న యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు ఠాణాలో దొంగతనపు అనుమానముపై కొనిరాబడిన యొక దళిత స్త్రీ మరణించెను. ప్రతిపక్ష శాసనసభ్యులు నేరుగ ముఖ్యమంత్రిని కలసి అడిగిరి. పరిహారము ప్రకటింపబడెను, ఎస్సైని, ఇద్దఱు కానిస్టేబుళ్ళను ఉద్యోగమునుండి తొలగించిరి. పోయిన ప్రాణము రాదు. అయినను, సభ్యుడు నోరు విప్పినచో పని జరుగునని దీనివలన రుజువగుచున్నది. ఆ నోరు విప్పుటకు ముందు ప్రాణము పోవలెనా యనునది మా పువ్వులమ్ము తల్లి ప్రశ్న.

ఢిల్లీ సంగతియు నొక్కమాట. హింసకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై మన దేశము 1997లో సంతకము చేసినది, నేటికిని ధ్రువపఱుపలేదు. అందుకొఱకై తెచ్చిన బిల్లు 2010 మే నెలలో లోకసభలో నెగ్గి, రాజ్యసభలో పరిశీలక సంఘమునకు పోయి, తుదకు మురిగిపోయెను. దానికై ఏ ఎన్నికలలోనైన ఏ అభ్యర్థినైన ఎవరైన ప్రశ్నించిరా? మేము ప్రశ్నింపలేదు.

“దర్యాప్తులో మేము జోక్యము చేసికొనరాదు” అని సభ్యులు చెప్పుట మేము విన్నాము. వినుటకెంత సొంపుగా నున్నది! మేనల్లుడు తప్పత్రాగి బండి నడిపి పట్టుబడిననాడు, ఇసుక లారీ ఆపిననాడు ఈ ధర్మసూక్ష్మము ఎచ్చటికి పోవునో తెలియదు. దర్యాప్తులో జోక్యము చేసికొనుమని మేమడుగుట లేదు. చట్టము ఆయన చేతబెట్టిన పనియే చేయుమనుచున్నాము. సభలో ప్రశ్న వేయవచ్చును: ఈ జిల్లా ఠాణాలలో నెన్ని కెమెరాలు పనిచేయుచున్నవి, ఎన్ని చెడియున్నవి, ఎన్నాళ్ళనుండి? హోంమంత్రి జవాబు చెప్పితీరవలెను. ఆ జవాబు అచ్చుపడును. సభకు అర్జీల సంఘమున్నది. ఓటరు అర్జీని దానియెదుట పెట్టవచ్చును. ఎస్పీకి తన పేరుతో ఉత్తరము వ్రాసి, జవాబునకు గడువడుగవచ్చును. ఉద్యోగిపై కేసు నడుపుటకు ప్రభుత్వపు అనుమతి కావలెనని అడ్డుపెట్టినపుడు, ఆ ప్రభుత్వపు తలుపు తట్టగలవాడు ఆయనయే. వీనిలో నేదియు చేయుటకు ధైర్యము చాలనిచో, కనీసము ఆ ఫిర్యాదును అదే ఎస్సైకి ఫోనులో వినిపింపకుండిన చాలును.

ఇక మనమాట. పట్టణపు చదువరులమైన మనమీ సిఫారసు లేఖలకు పరాయివారము గాము. ప్రహరీగోడ తగవులో ఎదుటివానిని ఠాణాకు పిలిపించి బెదిరింపుమని శాసనసభ్యుని యొద్దకు పోయినది మనము. మన పిల్లవానిపై కేసు కట్టవద్దని పోయినదియు మనమే. మన పని జరిగిన దినమున ఆయనను సమర్థుడనుచున్నాము. ఎస్సైని ఒక మాటతో ఆడించుమని నేర్పినవారము, ఆ ఎస్సై ఒక పేదవాని నాడించిన దినమున ఆయన మౌనమునకు నొచ్చుకొనుట ఎట్లు? మా న్యాయవాదులలో గూడ ఈ రోగము గలదు. రాజీ కుదిర్చిన పేరున ఎన్ని గాయముల పత్రములు మా బల్లల సొరుగులలో నిద్రించుచున్నవో!

కానిస్టేబులును గుఱించియు రెండుమాటలు. పండుగ లేదు, వారాంతము లేదు. పైనుండి సొత్తు రాబట్టుమను ఒత్తిడి, దర్యాప్తు చేయుటకు వేళ లేదు. లాఠీ దగ్గఱి దారిగ తోచును. ఇది చెప్పుట క్షమించుటకు గాదు. ఎస్సైని తన ఉత్తరముతో తెచ్చుకొన్న సభ్యుడు ఈ పోలీసువాని కష్టమును గూడ సభలో చెప్పలేదని గుర్తుచేయుటకే.

మేము చేసిన చిన్నపని యొకటి మీకు నివేదించి ముగింతుము. మా సేవకులు కొందఱు ఈ పఠనమందిరపు వెనుక గదిలో నొక పుస్తకము తెఱచినారు. పోలీసులపై ఫిర్యాదు గలవారెవరైనను వచ్చి చెప్పినచో వ్రాసిపెట్టుదురు, మూడు ప్రతులు. ఒకటి ఎస్పీకి, ఒకటి శాసనసభ్యునికి, ఒకటి ఫిర్యాదికి. శాసనసభ్యుని కార్యాలయమున నోటిమాటతో నెవ్వరును చెప్పరాదని కట్టడి చేసికొంటిమి. ఇద్దఱు సేవకులు వెంటపోయి, నకలుపై కార్యాలయపు ముద్రయు తేదీయు వేయించుకొని వత్తురు. మొదటిదినము ముద్ర లేదనిరి. మఱునాడు దొరకినది. పుస్తకమున తేదీ, విషయము, ముద్ర సంఖ్య, ప్రత్యుత్తరము అని నాలుగు గడులున్నవి. పువ్వులమ్ము తల్లి అర్జీ మొదటి పుటలో నున్నది. దాని కెదుట నాలుగవ గడి నేటికిని ఖాళీ. వచ్చు శాసనసభా సమావేశములకు ముందు ఆ పుటల నకళ్ళను అర్జీల సంఘమునకు పంపదలచినాము. ఓటరులుగ సంతకము చేయదలచినవారు సభ ముగిసిన పిదప వెనుక గదికి దయచేయుడు. కలములు మేమే తెచ్చినాము.